రేడియేటరు నీళ్లు, ఓబులమ్మ కాఫీ

కొత్తగా బస్సు డ్రైవర్లుగా చేరిన కుర్రాళ్లు ముగ్గురు నలుగురు మొన్న నంద్యాలలో మా ఇంటికి వచ్చారు. స్టీరింగు గురించి, బ్రేకుల గురించి నా అనుభవం నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. బ్రేకుల గురించి నేను రాసేదేముంది? ఈ కాలం బస్సులు కాలి వేలు తగిలితే ఆగుతాయి. మా రోజుల్లో బ్రేకు మీద నిలబడి అల్లాను తలుచుకుంటే ఆగేవి. నడపడం ఎవరైనా నేర్పుతారు, కొన్నాళ్లు తిట్లు తింటే అదే వస్తుంది. ఎవరూ నేర్పనిది ఒకటుంది. బస్సు ఎక్కడ ఆపాలి అన్నది.

నవ్వకండి. నా సర్వీసు మొత్తంలో నా ఉద్యోగానికి ఎసరు వచ్చింది ఒక్కసారే. అప్పుడు నేను బస్సును దేనికీ గుద్దలేదు, ఎవరినీ కొట్టలేదు. కాఫీ బాగున్న చోట బస్సు ఆపాను, అంతే. ఆ సంగతే రాస్తాను. మిగతాది మీ మేస్త్రీలను అడగండి.

డ్రైవరు కాఫీ

కర్నూలు రాజధాని అయిన ఏడాది నేను నంద్యాల–ఆళ్లగడ్డ బస్సు డ్రైవరుగా ఎక్కాను. అప్పుడు మా లైనులో బస్సులన్నీ ప్రైవేటువి. మా ఓనరు నంద్యాల మనిషి. ఊరంతా ఆయన్ని రెడ్డి అనే పిలిచేది, నేనూ అట్లాగే పిలిచేవాణ్ని. బస్సులో అహోబిలం పోయే భక్తులు, పత్తి బేరగాళ్లు, పుట్టింటికి పోయే ఆడబిడ్డలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అందరూ ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టే ఉండేది. రోడ్డు ఎండాకాలం పిండి, వానాకాలం జిగురు. అయినా ఆ రోడ్డంటే నాకు ఇప్పటికీ ప్రాణం. తూర్పున నల్లమల మా వెంటే వచ్చేది. జొన్నచేల మీంచి గాలి వీస్తే జనం మాటలు ఆపి కళ్లు మూసుకునేవాళ్లు.

మా బస్సుకు ముక్కు ముందుకు పొడుచుకొని ఉండేది, ఇంజను అందులోనే. ఎండ పూట నంద్యాలలో బయలుదేరితే శిరివెళ్ల చేరేసరికి రేడియేటరు బుసబుసా పొంగేది. తొందరపడి మూత తిప్పితే మొహం కాలుతుంది. మాకు ముందు పనిచేసిన డ్రైవరు ఒకాయన చెంప మీద ఆ మచ్చ అట్లాగే ఉండిపోయింది. వేడి మీద చన్నీళ్లు గుమ్మరిస్తే ఇంజను పగులుతుంది. కాబట్టి బస్సు ఆపి, చల్లారేదాకా ఓపిక పట్టి, అప్పుడు నీళ్లు పోయాలి. ఆలోగా జనం దిగుతారు, దిగిన జనానికి ఆకలి, దప్పిక. బస్సుకు నీళ్లు పట్టే చోట హోటలు బతుకుతుంది. పట్టని చోట పొయ్యి ఆరిపోతుంది. ఇంత సంగతి డ్రైవరు చేతిలో ఉండేది.

అందుకే మాకు ఒక మర్యాద జరిగేది. బస్సు ఆపిన డ్రైవరుకు హోటల్లో కాఫీ ఉచితం. శిరివెళ్లలో గోపాలయ్య హోటలు ముందర మా బస్సు ఆగేది. నేను దిగేసరికి గోపాలయ్య స్వయంగా ఇత్తడి గ్లాసు చేతికిచ్చేవాడు. మొదటి డికాక్షను, చిక్కటి బర్రె పాలు, పైన వేలెడు నురగ.

"ముందు తాగు మస్తానూ, మాటలు ఎనక" అనేవాడు.

ఆ కాఫీ తాగితే ఆళ్లగడ్డ దాకా స్టీరింగు పువ్వులా తిరిగేది. కాఫీ ఎక్కడ బాగుంటుందని నంద్యాలలో ఎవరడిగినా, శిరివెళ్లలో గోపాలయ్య కాఫీ తాగండి, తర్వాత చెప్పండి అనేవాణ్ని. తాగినవాళ్లు తర్వాత ఏమీ చెప్పేవాళ్లు కాదు. నన్ను అదోరకంగా చూసి ఎక్కి కూర్చునేవాళ్లు. బాగా ఉండి మాటలు రావడం లేదేమో అనుకున్నాను.

పన్నునొప్పి చేసిన మేలు

ఒకసారి నాకు దవడ పన్ను సలుపు పట్టుకుంది. ఆళ్లగడ్డలో పన్ను పీకే హకీం ఉన్నాడని తెలిసి, స్టీరింగు ఇంకో డ్రైవరుకు అప్పగించి నేను వెనక సీట్లో కూర్చున్నాను. మా ఆవిడ పాత లుంగీ చింపి దవడకూ నెత్తికీ కలిపి చుట్టింది. కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ బస్సులో మస్తానన్న ఉన్నాడని ఒక్కరికీ తెలియదు.

శిరివెళ్లలో అందరితోపాటు దిగి బల్ల దగ్గర కూర్చున్నాను. సర్వరు గాజు గ్లాసు ఠక్కుమని పెట్టి పోయాడు. ఒక గుక్క తాగాను. పన్నునొప్పి మరిచిపోయాను. గ్లాసులు కడిగిన నీళ్లకు రంగు వేసినట్టుంది. పక్కనే ఒక ముసలి రైతు అదే కాఫీని ఊదుకుంటూ కూర్చున్నాడు. ఎట్లా ఉందని చేత్తో సైగ చేశాను.

"యాడ కాఫీ అప్పా! కుడితి" అన్నాడు. "అయినా డ్రైవరు మస్తాను చెప్పినాడు గదా, శిరివెళ్ల కాఫీ అంతటిది లేదని. ఆయప్ప నాలిక ఏం నాలికో మరి!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. గుడ్డ కింద నా చెవులు కాలిపోయాయి.

అవతల గుంజ దగ్గర ఒక చిన్న వయసు తల్లి పసిబిడ్డను ఎత్తుకొని నిలబడి ఉంది. బిడ్డ ఏడుస్తోంది. "అన్నా, బిడ్డకు రవ్వన్ని పాలు పొయ్యి. దుడ్లు ఇస్తాలే" అని సర్వరును బతిమాలింది.

"ఉత్త పాలు అమ్మం. పో, బస్సులో కూసో" అన్నాడు వాడు.

సరిగ్గా అప్పుడే గోపాలయ్య ఇత్తడి గ్లాసు నురగతో తీసుకుపోయి, నా బదులు వచ్చిన డ్రైవరుకు నవ్వుతూ అందించాడు. రోజూ నా చేతికి వచ్చే గ్లాసు అదే. జనానికి పోయని పాలన్నీ ఆ గ్లాసులో ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. గుడ్డ విప్పి గోపాలయ్యను కడిగేద్దామనుకున్నాను గాని, దవడ కదిలితే కదా.

బస్సు బయలుదేరింది. బిడ్డ ఏడుపు ఆగలేదు. కొంత దూరం పోయాక ఒక వాగు ఉంది, దాటితే గట్టు మీద ఒక బావి, బావి పక్కన బోదగడ్డి కప్పిన కొట్టం. ఎదురుగా బండ్ల వరస వస్తుంటే మా బస్సు అక్కడ ఆగిపోయింది. కొట్టంలోంచి ఒకామె కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ బిడ్డ యాలమ్మా అట్ల ఏడుస్తాంది?"

"పాలు లేవక్కా" అంది తల్లి.

ఆమె ఇంకో మాట మాట్లాడకుండా లోపలికి పోయి, మట్టి ముంతలో గోరువెచ్చని పాలు తెచ్చి కిటికీలోంచి అందించింది. తల్లి కొంగుముడి విప్పబోయింది.

"బిడ్డ తాగేదానికి దుడ్లేంది? బిరీన తాపు, బస్సు పోతాది."

బిడ్డ తాగింది, నిద్రపోయింది. బస్సంతా నిమ్మళించింది. హకీం పన్ను పీకుతున్నప్పుడు కూడా నేను ఆ ముంత గురించే ఆలోచిస్తున్నాను.

ఒకటే గుండిగ

దవడ నయమై డ్యూటీ ఎక్కిన రోజు శిరివెళ్లలో ఎక్కేవాళ్లను ఎక్కించుకొని, కాఫీకి నిలపకుండా నేరుగా వాగు దగ్గర బావి ముందర ఆపాను. జనం దిగారు. ఆమె పేరు ఓబులమ్మ. బండ్లు తోలేవాళ్ల కోసం అక్కడ బెల్లం కాఫీ అమ్మేది. భర్త నాగన్న ఒకప్పుడు బండి తోలేవాడే. బండి చక్రం నడుం మీద ఎక్కి, కాళ్లు పడిపోయి, కొట్టంలో మంచం మీదే ఉండేవాడు. 

"అక్కా, నేను డ్రైవర్ను" అన్నాను. ఇత్తడి గ్లాసు అలవాటైన మనిషిని కదా, కొంచెం గొప్పగానే అన్నాను.

"అయితే?" అంది.

"ఏం లేదులే. కాఫీ ఇయ్యి."

"ఒకటే గుండిగ నాయనా. నీకొకటి, వాళ్లకొకటి కాంచాలంటే నాకు ఒళ్లు వంగదు. దుడ్లు నువ్వూ ఇయ్యాల్సిందే."

డ్రైవరునయ్యాక నేను డబ్బులిచ్చి తాగిన మొదటి కాఫీ అది. ఎట్లా ఉందని అడుగుతారు. నంద్యాలలో అయ్యర్ల హోటళ్లలో అంతకన్నా వాసన గల కాఫీ ఉండేది, అబద్ధం చెప్పను. కానీ ఓబులమ్మ కాఫీ ఎప్పుడూ అప్పుడే దించినట్టుండేది. అదెట్లాగో నాకు కొన్నాళ్లకు గాని అర్థం కాలేదు. మంచం మీద పడుకున్న నాగన్నకు మా ఇంజను చప్పుడు వాగు అవతల ఎంతో దూరాన ఉండగానే వినిపించేది. "వస్తాండాది" అనేవాడు. ఆ మాట చెవిన పడ్డాకే ఆమె మరిగే నీళ్లలో పొడి వేసి మూత పెట్టేది. మేం దిగేసరికి గుడ్డలో వడగట్టేది. ఇంజను చప్పుడులో తేడా పట్టి బస్సు నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అని కూడా చెప్పేవాడు. ఆ ఇంట్లో సగం కాఫీ ఆయన చెవులే చేసేవి.

ఇంకో సంగతి. గోపాలయ్య హోటల్లో కొందరికి వెనక వైపు వేరే గ్లాసులు ఉండేవి. ఆ రోజుల్లో అన్నిచోట్లా అంతే, దాన్ని నేను మర్యాద అనను. ఓబులమ్మ దగ్గర అందరికీ మట్టి ముంతలే, తాగి అవతల పారేసి పోవడమే. ఒకాయన తాగబోతూ ఆగి, కులం ఆరా తీస్తూ "మీరు ఏమోళ్లమ్మా?" అని అడిగాడు.

"కాఫీ కాంచేటోళ్లం" అంది.

ఆయన తాగలేదు, దప్పికతోనే ఆళ్లగడ్డ దాకా వచ్చాడు. రావలసిందే.

రోజూ అక్కడే ఆపసాగాను. నాగన్న ఒకరోజు నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. లారీలు వచ్చి బండ్లు తగ్గిపోయాయట. మా బస్సు ఆగకముందు వాళ్లు కొట్టం ఎత్తేసి వెలుగోడులో ఓబులమ్మ తమ్ముడింటికి పోదామనుకున్నారట.

"ఆడ నేనెవురికి పనికొస్తానప్పా? బామ్మర్ది ఇంట్లో మూలన పడి సంగటి ముద్ద కోసం ఎదురు చూడాల. ఈడైతే బస్సు వస్తాందని చెప్తాండా. నాకూ ఒక పని ఉండాది" అన్నాడు.

ఓనరు పిలిపించాడు

గోపాలయ్య ఊరుకుంటాడా? నంద్యాలకు కబురు పంపాడు. రెడ్డి నన్ను పిలిపించాడు.

"ఏం మస్తానూ, బస్సు నాదా, నీదా?"

"నీదే రెడ్డీ."

"మరి యాడ ఆపాల్నో నువ్వు చెప్తాండావేందీ? శిరివెళ్లలో మన టిక్కెట్లు, పార్సిళ్లు అన్నీ గోపాలయ్యే చూస్తాండాడు. ఆయప్ప అంగట్లో ఈగలు తోలుకుంటాంటే నువ్వు వాగుకాడ జాతర చేస్తాండావంట."

"ఆయప్ప కాఫీ బాగలేదు రెడ్డీ."

"నేను శానాసార్లు తాగినా. ఆ కాఫీకి ఏం తక్కువ?"

ఆయనకిచ్చేదీ ఇత్తడి గ్లాసే. అది వేరు, జనానికి పోసేది వేరు అని చెప్పాను. నమ్మలేదు. రెడ్డి చెడ్డవాడు కాడు. మా పెద్దవాడికి జబ్బు చేస్తే తన జీపులో కర్నూలు ఆస్పత్రికి పంపినవాడు. కానీ పైన కూర్చున్నవాళ్లకు ఎక్కడికి పోయినా ఇత్తడి గ్లాసే అందుతుంది. మీకు ముందు ముందు ఎందరో పైఅధికారులు వస్తారు, చూడండి, అందరిదీ ఇదే జబ్బు.

"రేపట్నుంచి కాఫీకి శిరివెళ్లలో ఆపాల. లేదా హ్యాండిలు ఈడ పెట్టి పో" అన్నాడు. హ్యాండిలు తిప్పితేనే మా బస్సు స్టార్టయ్యేది. అది ఎవరి చేతిలో ఉంటే వాడే డ్రైవరు.

ఓబులమ్మకు చెప్పక తప్పలేదు. పొయ్యి ముందర కూర్చొని అంతా విన్నది.

"నీకు ముగ్గురు బిడ్డలు గదా. ఆపొద్దు, పో నాయనా. మేం వెలుగోటికి పోతాం" అంది.

కొట్టం లోపల నాగన్న మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

కాఫీ వేరు, నీళ్లు వేరు

తెల్లారి హ్యాండిలు తిప్పుతుండగా నాకు తోచింది. రెడ్డి కాఫీకి శిరివెళ్లలో ఆపమన్నాడు. నీళ్లకు ఎక్కడ ఆపాలో అనలేదు కదా!

శిరివెళ్లలో ఆపాను. "కాఫీ తాగేవాళ్లు దిగండి. ఇంజనుకు నీళ్లు మటుకు వాగుకాడ" అని కేకేశాను. ఒక్కరూ దిగలేదు. గోపాలయ్య ఇత్తడి గ్లాసు పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. వాగు దగ్గర బస్సంతా దిగింది. ఓబులమ్మ అప్పటికే వంటసామాను మూట కట్టి పెట్టింది. మమ్మల్ని చూసి మూటలోంచి గుండిగ ఒక్కటే బయటికి తీసింది. మిగతాది విప్పలేదు. ఎన్నాళ్లు సాగుతుందో అని ఆమె భయం. నాదీ అదే భయం.

నాలుగు రోజులు సాగింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం రెడ్డి స్వయంగా బస్సెక్కి నా పక్క సీట్లో కూర్చున్నాడు. శిరివెళ్లలో గోపాలయ్య పరిగెత్తుకొచ్చి ఆయనకు కాఫీ ఇచ్చాడు. రెడ్డి తాగి, వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ సీట్లు వదల్లేదు. వాగు దగ్గర ఇంజను పొగలు కక్కుతుండగా ఆపాను.

"ఏందీ, రేడియేటరు కారుతాందా?"

"లేదు రెడ్డీ. దానికి దప్పికైంది."

జనమంతా దిగిపోయారు. రెడ్డి దిగలేదు. ఎండకు కాలే రేకుల కింద చెమటలు కక్కుతూ, నా వైపు చూడకుండా కూర్చున్నాడు. నేను ఓబులమ్మ దగ్గరికి పోయి, "అక్కా, ఓనరు వచ్చినాడు. పని అయిపోయింది" అన్నాను.

"ఓనరైతే దప్పి కాదా?" అని ఆమె ముంత నింపుకొని బస్సు కిటికీ దగ్గరికి నడిచింది.

"నువ్వేనా నాయనా బస్సు రెడ్డి?"

"ఆ."

"తాగు. ఎండలో కూసున్నావు."

"నాకొద్దు."

"నా మీద కోపం కాఫీ మీద చూపిస్తావా? వేడి మీద తాగు. చల్లారితే బాగుండదు."

తన పొయ్యి ఆర్పడానికి వచ్చిన మనిషితో ఆమె మాట్లాడిన తీరు అది. ఆమె గొంతులో దెప్పిపొడుపు కూడా లేదు. రెడ్డి ముంత తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు, మళ్లీ తాగాడు.

"నాకని చేసినావా ఇది?" అని అడిగాడు.

బావి గట్టు మీద కూర్చున్న ముసలాయన తన ముంత పైకెత్తాడు. "రెడ్డీ, ఎంగిలనుకోకుంటే నాది తాగి చూడు. అదే ఇది!"

జనం గొల్లుమన్నారు. రెడ్డి నవ్వలేదు. దిగి వచ్చి, కొట్టం వాకిట్లో వంగి లోపలికి చూశాడు. మంచం మీద మనిషి కనిపించాడు.

"ఏమైంది నీకు?"

"బండి చక్రం ఎక్కింది రెడ్డీ. శానా ఏండ్లాయ" అన్నాడు నాగన్న. ఆపైన, "మస్తానూ, ఇంజను చల్లారింది. నీళ్లు పోసుకో" అని నాకు కేకేశాడు.

నేను నీళ్లు పోశాను. ఆళ్లగడ్డ చేరాం. రెడ్డి దిగి, పంచె దులుపుకొని, దూరంగా చూస్తూ అన్నాడు.

"మన ఇంజనుకు ఆ బాయి నీళ్లే పడినట్టుండాయి. ఇంగ నీళ్లు ఆడనే పట్టు."

"మరి కాఫీకి రెడ్డీ?"

"కాఫీ మాట నేనెత్తినానా?" అని విసవిసా పోయాడు. పెద్దమనిషి. ఓడిపోవడం కూడా ఓనరులాగే ఓడిపోయాడు.

నేను ఆ లైను వదిలేదాకా నీళ్లు అక్కడే పట్టాను. ఈ మధ్య ఆళ్లగడ్డకు పోతుంటే వాగు ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు, పైన వంతెన, పక్కన ఎవరి సీసా నీళ్లు వాళ్లవి. బస్సులో ఒకరితో ఒకరు మాట్లాడలేదు. నాకు దిగులేసింది, ఎందుకు దాచాలి? కుర్రాళ్లకు నేను చెప్పేదొక్కటే. మీ కోసం ప్రత్యేకంగా ఏదైనా ఇస్తే తీసుకోకండి. మీ వెనక కూర్చున్నవాళ్లు ఏది తాగితే అదే తాగండి, డబ్బులిచ్చి తాగండి.

రెడ్డి నీళ్లకు ఒప్పుకున్న ఆ రోజు సాయంత్రం తిరుగు ప్రయాణంలో బస్సు దాదాపు ఖాళీ. అయినా వాగు దగ్గర ఆపి దిగాను. రెడ్డి అన్న మాట ఓబులమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేక ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. కట్టి పెట్టిన మూట దగ్గర కూలబడి, ముడి విప్పుతూ కొట్టంలోకి కేకేసింది.

"ఇన్యావా? మనం యాడికీ పోయే పన్లేదు!"

లోపల్నుంచి నాగన్న ఏడవడం మా ఇద్దరికీ వినిపించింది.